ముందు నీ పిల్లిని ఒళ్ళోంచి దించు

ఒరేయ్ మామా,

మూడు నెలలైంది రాసి, తిట్టుకో, తప్పు నాదే. అమ్మ బాగుంది, నాన్న మోకాలు అలాగే ఉంది, నా థీసిస్ గురించి మాత్రం అడక్కు. అసలు విషయానికొస్తా, ఇది నీకు చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

పోయిన వారం రాత్రి డ్యూటీలో ఒక పెద్దావిడ వెన్నునీరు శాంపిల్ వచ్చింది. జ్వరం, మెడ బిగుసుకుపోయింది, మనుషుల్ని గుర్తుపట్టట్లేదు. ఆ నీరు మామూలుగా తేటగా ఉండాలి కదా, ఇది కళ్ళజోడు మీద ఊదినట్టు మసగ్గా ఉంది. బ్యాక్టీరియాకి రంగేసే గ్రామ్ స్టెయిన్ చేస్తే నిండా చీముకణాలు, మధ్యలో అక్కడక్కడా బుల్లి బుల్లి గులాబీ కడ్డీలు, అంటే గ్రామ్ నెగటివ్ బ్యాక్టీరియా. నాకు వెంటనే నువ్వే గుర్తొచ్చావు, "గులాబీగా కనిపించిందల్లా ఈ.కోలై అనేస్తావేంట్రా" అని సార్ నీ చెవి మెలిపెట్టిన రోజు! నేనూ తక్కువ తిన్లేదులే, హీమోఫిలస్ బ్యాక్టీరియా అయ్యుంటుందని ఫోన్‌లో వార్డుకి చెప్పేశా.

తెల్లారి ఆ నీరు వేసి పెంచిన ప్లేట్లు తీస్తే, రక్తం కలిపిన బ్లడ్ అగార్ మీద బూడిదరంగు కాలనీలు, ఈ.కోలై లాంటివి పెరిగే మెకాంకీ ప్లేట్ మీద ఏమీ లేదు, ఖాళీ. హీమోఫిలస్ అయితే ఉత్త బ్లడ్ అగార్ మీద ఇంత దర్జాగా పెరగదు కదా. ప్లేట్ వాసన చూడకూడదని తెలుసు, కానీ మూత ఎత్తగానే అదే ముక్కుకి తగిలింది, ఎలకల బోనులాంటి కంపు. ఆక్సిడేజ్, ఇండోల్ పరీక్షలు రెండూ పాజిటివ్, పైగా గ్రామ్ నెగటివ్ అయ్యుండి పెన్సిలిన్ డిస్క్ చుట్టూ ఏమీ పెరగని ఇంత పెద్ద జోన్! పిల్లుల నోట్లో ఉండే పాశ్చురెల్లా మల్టోసిడా. పాశ్చర్ 1880 ప్రాంతంలో కోళ్ళ కలరా మీద కుస్తీ పట్టాడే, అదే.

వార్డుకి పరిగెత్తి ఆవిడ కోడల్ని అడిగా, ఇంట్లో పిల్లి ఉందా అని. ఆమె నన్ను పిచ్చోణ్ణి చూసినట్టు చూసింది. ఉందట. కరిచిందా? లేదు. గీరిందా? లేదు. మరి? ఆవిడకి ఎప్పట్నుంచో చెవిలో చీము కారుతుంది, పిల్లి దిండు మీదే పడుకుంటుంది, రాత్రుళ్ళు ఆ చెవి నాకుతుందట! నా ఒళ్ళు జలదరించింది. మనమేమో కాటు, కాటు అని బట్టీ పట్టాం, దీనివల్ల వచ్చే మెనింజైటిస్‌లో, అదే మెదడు పొరల వాపులో, చాలామందికి అసలు కాటే ఉండదు, నాకుడు చాలు. కుక్కల నోట్లో ఉండే కాప్నోసైటోఫాగా ఇంకో రకం, ప్లీహం తీసేసినవాళ్ళని ఒకట్రెండు రోజుల్లో పడేస్తుంది, ల్యాబ్‌లో పెరగడానికి మాత్రం రోజులు తీసుకుంటుంది వెధవది. పందుల స్ట్రెప్టోకాకస్ సూయిస్ అయితే బతికించినా తరచూ చెవుడు మిగిల్చిపోతుంది, 2005లో చైనా సిచువాన్‌లో 215 మందికి సోకి 38 మంది పోయారు. ఇవన్నీ చదువుతూ ఆ రాత్రి కూడా జాగారమే.

ఆవిడ లేచింది రా. మొదట్నుంచీ సెఫ్ట్రియాక్సోన్ యాంటీబయాటిక్ నడుస్తుండటం అదృష్టం, నా హీమోఫిలస్ కూతని ఎవరూ పట్టించుకోలేదు. నాలుగో రోజు కొడుకుని పేరు పెట్టి పిలిచింది. నేను వార్డు తలుపు దగ్గరే నిలబడ్డా, లోపలికి వెళ్ళలేకపోయా, ఎందుకో మా నానమ్మ... సరే వదిలెయ్.

పిల్లిని వదిలేయాలా అని కోడలు అడిగింది. అక్కర్లేదమ్మా, చెవికి వైద్యం చేయించండి, దాన్ని దిండు మీదకి రానివ్వకండి అన్నా. నీకూ అదే చెప్తున్నా, మీ పిల్లి దొరసాని నీ గడ్డం గాట్లు నాకడం నేను కళ్ళారా చూశా, నవ్వకు. ఇంకోటి, నీ పెళ్ళిచూపుల సంగతి ఏమైం... ఆగు, బ్లడ్ కల్చర్ మెషీన్ కూస్తోంది, పోవాలి