నది పక్క ఊళ్ళు "చదును" కాదండీ

ఎడిటర్ గారికి నమస్కారం,

నది మైదానాల్లో ఉండే చిన్న రైతు ఊళ్ళ గురించి ఎవరు రాసినా "చదునైన నేల" అని ఒక్క మాటతో తేల్చేస్తున్నారు, చదివినప్పుడల్లా బాధేస్తుంది. వరద ఒడ్డు దాటి పొర్లగానే నీటి వేగం తగ్గిపోద్ది, దాంతో బరువైన ఇసుక ఒడ్డు దగ్గరే పడిపోద్ది, సన్నటి ఒండ్రు మాత్రం దూరం దాకా పోయి నెమ్మదిగా దిగుద్ది, అలా వందల ఏళ్ళు జరిగి జరిగి ఒడ్డు మెరకవుద్ది, వెనకాల పల్లం మిగులుద్ది. అందుకే పాత ఇళ్ళు, దారులు ఎక్కువగా ఆ మెరక మీదే వరసగా కనిపిస్తాయి. తడిమట్టి చేత్తో పిసికి చూడండి, ఒడ్డు మట్టి వేళ్ళ సందుల్లోంచి రాలిపోద్ది, పల్లం మట్టి తాడులా సాగుద్ది. ఆ బంకమట్టిలో నీళ్ళు తొందరగా ఇంకవు, నాలుగడుగుల తేడా చాలు పంట మునగడానికి.

నది వంపు తెగిపోయిన చోట గుర్రపునాడాలా మడుగు మిగులుద్ది, వరద నీళ్ళు కాసేపు నిలవడానికి అదే చోటు, దయచేసి దాన్ని ఖాళీ స్థలం అని రాయకండి.

వరద అంటే నష్టం ఒక్కటే కాదు కూడా. నైలు నది మీద అస్వాన్ హై డ్యామ్ 1970లో పూర్తయ్యాక ఏటా పొలాలకి వచ్చే ఒండ్రు ఆగిపోయింది, రైతులు ఎరువుల మీద ఇంకా ఎక్కువగా ఆధారపడాల్సి వచ్చింది.

ఈసారి వరద మ్యాప్ వేసేటప్పుడు మెరక, పల్లం, పాత నది దారి వేరే రంగుల్లో చూపించండి ప్లీజ్.

ఇట్లు,
మీ పాఠకుడు