జానమాజ్ పట్టాలు ఎందుకు ఆపేశానంటే

జానమాజ్ పట్టాలకు, అంటే నమాజు చేసేటప్పుడు కింద పరుచుకునే గుడ్డలకు, అడ్వాన్సు ఇచ్చినవాళ్లకు ముందు ఈ మాట చెప్పేస్తున్నాను. రంజాను మొదలయ్యేలోపు అవి మీ చేతికి రావు. సరుకు రాక కాదు. వచ్చింది, విప్పి చూశాక నేనే ఆపేశాను.

తిరుపతిలో షాపు తెరిచిన రోజు నుంచీ మా అబ్బా (నాన్న) పెట్టిన నియమం మీకు తెలిసిందే. ప్రాణుల బొమ్మలు గీయడం ఇస్లాంలో కూడదంటారు. కలంకారీలో చెట్టు, పువ్వు, తీగ ఏదైనా అమ్ముతాం, ప్రాణి బొమ్మ మాత్రం అమ్మం. దేవుళ్ల ప్యానెళ్లు అడిగినవాళ్లను శ్రీకాళహస్తిలో గీసేవాళ్ల దగ్గరికే నేరుగా పంపిస్తాం. ఈ నియమం వల్ల పోయిన బేరాలున్నాయి. ఈ నియమాన్ని చూసే వచ్చే కస్టమర్లూ ఉన్నారు, వాళ్లలో అందరూ ముస్లింలు కారు.

ఈసారి పట్టాలు శ్రీకాళహస్తిలో ఒక వర్క్‌షాపుకు ఇచ్చాను. పేరు రాయను. పైన మిహ్రాబు (మసీదు గోడలో ఉండే గూడు) కమాను, కింద నిలువుగా ఒక చెట్టు, చుట్టూ తీగ. కాగితం మీద గీసి, ప్రాణి ఒక్కటి కూడా వద్దని తెలుగులో రాసి మరీ ఇచ్చాను. మూట విప్పగానే పనితనం చూసి మురిసిపోయాను. వెలుతురులోకి తెచ్చి చూస్తే ఆకుల సందుల్లో చిలకలు! ఒక్కోటి బొటనవేలి గోరంత. ముక్కు ఎర్రగా, కన్ను ఉండే చోట గుడ్డను తెల్లగా వదిలి, మధ్యలో కలం మొనతో నల్ల చుక్క. వాటిలో రెండు సరిగ్గా సజ్దాలో, అంటే నమాజులో నేలకు వంగినప్పుడు, నుదురు ఆనే చోట.

ఫోన్ చేస్తే యజమాని ఏమన్నాడో తెలుసా? "చెట్టన్నాక చిలక లేకపోతే బోడిగా ఉంటుందమ్మా. చిలక లేకుండా అది కలంకారీ ఎట్లవుతుంది?" ఈ మాట నన్ను చాలా బాధపెట్టింది. మచిలీపట్నం నుంచి పర్షియాకు ఓడల్లో వెళ్లిన నమాజు గుడ్డలెన్నిటి మీదో కమాను, చెట్టు, పూలే కదా ఉన్నాయి! అది కలంకారీ కాదా? గీసిన చేతుల మీద నాకు కోపం లేదు. గుడ్డను కరక్కాయ, పాలలో నానబెట్టి, బెల్లం, తుప్పు ఇనుము పులియబెట్టిన నలుపుతో వెదురు కలం పట్టి గీసే పని ఎంత కష్టమో నాకు తెలుసు. కోపమంతా నా కాగితం చదివి కూడా ఎవరు చూస్తార్లే అనుకున్న యజమాని మీదే.

చిలకల మీద రంగు పూసి ఆకుల్లా మార్చి ఇస్తానన్నాడు. నిద్ర పట్టనివ్వనిది ఇదే. ఎందుకంటే షరియత్ ప్రకారం అది కుదరని పని కాదు. బొమ్మ తల తీసేస్తే అది చెట్టులాగే అయిపోతుందని జిబ్రీల్ దూత ప్రవక్త (స)తో అన్నట్టు అబూ దావూద్, తిర్మిజీ హదీసుల్లో (ప్రవక్త మాటలు, చేతల సంకలనాల్లో) ఉంది. మా మసీదు ఇమామ్ సాబ్‌ కూడా, తల కనబడకుండా పోతే తప్పు లేదన్నారు. దానికి ఒప్పుకుని ఉంటే పట్టాలు సమయానికి మీకు చేరేవి, నా డబ్బూ ఇరుక్కునేది కాదు.

కానీ బుఖారీ అనే హదీసు గ్రంథంలో ఇంకోటి ఉంది. ప్రవక్త (స) భార్య హజ్రత్ ఆయిషా (రజి) ఇంట్లో బొమ్మల తెర ఒకటి ఉంటే, నమాజులో అవే కళ్ల ముందు మెదులుతున్నాయి, తీసెయ్యమన్నారు ప్రవక్త (స). పైన ఎంత రంగు పూసినా, ఆ ఆకు కింద చిలక ఉందని తెలిసినవాళ్ల చూపు అక్కడికే పోతుంది. అలాంటి పట్టా మీకు అమ్మను. నష్టం వస్తే రానీ.

వాట్సాప్‌లో ఒకరు నిలదీశారు: "ఫోన్‌లో ఫోటోలు పెడుతూ గోరంత చిలకకు ఇంత రాద్ధాంతమా?" న్యాయమైన ప్రశ్నే. ఫోటో గురించి పండితులది ఒకే మాట కాదు. ఈజిప్టు ముఫ్తీగా (మతపరమైన తీర్పులిచ్చే పండితుడిగా) పనిచేసిన ముహమ్మద్ బఖీత్ అల్-ముతీయీ, ఫోటో అంటే నీడను పట్టి నిలపడమే, కొత్తగా సృష్టించడం కాదన్నారు. దేవ్‌బంద్ మదరసా ఉలమాలు (పండితులు) పాస్‌పోర్టు లాంటి అవసరానికి తప్ప కూడదంటారు. హజ్‌కు వెళ్లాలన్నా ఫోటో ఇవ్వాల్సిందే కదా! తెర మీద కనిపించే డిజిటల్ ఫోటో, ప్రింటు తీయనంతవరకు, ఆ నిషేధంలోకి రాదన్నది పాకిస్తాన్ పండితుడు ముఫ్తీ తఖీ ఉస్మానీ అభిప్రాయం. మేం మాత్రం గుడ్డల ఫోటోలే పెడతాం, మనుషులవి పెట్టం. చేత్తో గీసే బొమ్మ విషయంలో ఇంత తేడా లేదు. బొమ్మలు గీయడమే తన బతుకుతెరువు అన్న మనిషికి ప్రవక్త (స) సహచరుడు ఇబ్ను అబ్బాస్ (రజి), తప్పదంటే చెట్లు, ప్రాణం లేనివి గీసుకో అన్నారు. మా షాపు నిలబడింది ఆ మాట మీదే.

వచ్చిన గుడ్డను వర్క్‌షాపు వెనక్కి తీసుకోనంది. ఆయిషా (రజి) ఒక బొమ్మల తెరను కోసి దిండ్లు చేశారన్న హదీసును పట్టుకుని, కోయించి కూర్చునే దిండ్లకు కవర్లు కుట్టిస్తున్నాను. బొమ్మ గీయడం కూడకపోయినా, అది కింద, కూర్చునే చోట ఉంటే వాడుకోవచ్చని మనం పాటించే హనఫీ సంప్రదాయపు ఉలమాలు చెబుతారు. బొమ్మలున్న దిండు చూసి ప్రవక్త (స) గుమ్మం దగ్గరే ఆగిపోయారన్న హదీసును బట్టి అదీ వద్దనేవాళ్లు ఉన్నారు. అందుకే వాటిని ర్యాకులో పెట్టను. విషయం తెలిసి అడిగినవాళ్లకు, నాకు పడిన ధరకే ఇస్తాను.

కొత్త పట్టాలు వేరే కళాకారుడు గీస్తున్నారు. మొదటి పట్టాను నేను చూసి సరే అన్నాకే మిగతావి మొదలుపెడతారు. బహుశా బక్రీదుకు అందుతాయి. అప్పటిదాకా ఆగగలిగితే ధర పెంచను. అడ్వాన్సు వెనక్కి కావాలంటే రసీదు తెచ్చి తీసుకెళ్లండి, కారణం అడగను. శుక్రవారం జుమా నమాజు వేళ షాపు మూసి ఉంటుంది, ఆ తర్వాత రండి.