ఆ గడి ఎందుకు ఖాళీగా ఉంది?

సంపాదకులకు నమస్కారం.

ఇక్కడ చెన్నైలోని ఒక ఆసుపత్రిలో మా అమ్మను చేర్చినప్పుడు, పెన్సిలిన్ పడదని నెల్లూరు డాక్టరుగారు ఎర్రసిరాతో రాసిచ్చిన చీటీ మా సంచిలోనే ఉండిపోయింది. కంప్యూటర్‌లో పడని మందులు రాసే గడి ఖాళీ. సమయానికి నేను చెప్పబట్టి గండం గడిచింది.

వైద్యమూ కంప్యూటర్ శాస్త్రమూ రెండూ చదివిన ఎడ్వర్డ్ షార్ట్‌లిఫ్ 1970లలోనే స్టాన్‌ఫర్డ్‌లో రూపొందించిన మైసిన్ అనే ప్రోగ్రాము, సుమారు 600 నియమాల ఆధారంగా, రక్తంలోని ఇన్ఫెక్షన్లకు తగిన యాంటీబయాటిక్‌ను సూచించడమే కాక, ఎందుకు సూచించిందో కూడా వివరించేది. నా దృష్టిలో ఆ వివరణే గొప్ప. అయినా అది వార్డుల్లో వాడుకలోకి రాలేదు. వివరాలన్నీ ఎవరో ఒకరు కూర్చుని టైపు చేయవలసి వచ్చేది.

నేడు మనకు వైద్య రికార్డులను ఒకచోట కలిపే 14 అంకెల ఆభా (ఆరోగ్య ఖాతా) సంఖ్య ఉన్నా, ఆ చీటీ అందులోకి చేరలేదు. రెండు విద్యలూ తెలిసిన వైద్యులను తయారుచేసే బాధ్యతను మన వైద్య కళాశాలలు తీసుకోవాలని కోరుతున్నాను.

— ఒక పాఠకురాలు, మైలాపూర్, చెన్నై