విషయం: హచిన్సన్ పళ్ళకు మీ సాఫ్ట్‌వేర్ వేస్తున్న తప్పు కోడ్ గురించి

కస్టమర్ సపోర్ట్ మేనేజర్ గారికి,

నమస్కారం. నేను పిల్లల దంతవైద్యురాలిని. మా క్లినిక్‌లో మూడేళ్ళుగా మీ సాఫ్ట్‌వేరే వాడుతున్నాం.

గత నెలలో ఎనిమిదేళ్ళ బాబును వాళ్ళమ్మ తీసుకొచ్చింది. "పాలపళ్ళు బాగానే ఉండేవి డాక్టరమ్మా, కొత్తవే ఇలా వచ్చాయి" అంది. పై ముందుపళ్ళు రెండూ చిగురు దగ్గర వెడల్పుగా ఉండి, కొసకు వచ్చేసరికి సన్నబడి స్క్రూడ్రైవర్ మొనలా ఉన్నాయి. అంచు మధ్యలో నెలవంకలా చిన్న నొక్కు. ఇలాంటివాటినే హచిన్సన్ పళ్ళు అంటారు. దవడపళ్ళ మీద మల్బరీ పండులా బుడిపెలు, అంటే మల్బరీ మోలార్లు. రక్తపరీక్షల తర్వాత పుట్టుకతో వచ్చిన సిఫిలిస్ (కడుపులో ఉండగానే తల్లి నుంచి బిడ్డకు సోకే జబ్బు) అని తేలింది.

జబ్బులకు అంతర్జాతీయంగా వాడే ఐసీడీ-10 కోడ్‌లలో ఈ జబ్బుకు చెందిన ఏ50.5 ఎంచుకున్నాను. సేవ్ నొక్కగానే మీ సాఫ్ట్‌వేర్ దాన్ని కే00.4 (పళ్ళు ఏర్పడటంలో లోపాలు) చేసేసింది. మూడుసార్లు మార్చాను, మూడుసార్లూ అంతే. ఐసీడీ-10లో కే00.4 కిందే రాసి ఉంది, ఈ జబ్బువల్ల వచ్చే హచిన్సన్ పళ్ళు, మల్బరీ మోలార్లు ఇక్కడికి రావు, ఏ50.5 చూడమని. అమెరికాలో వాడే ఐసీడీ-10-సీఎంలోనైతే హచిన్సన్ పళ్ళకే విడిగా ఏ50.52 ఉంది. మీవాళ్ళు ఆ ఒక్క లైను చదివినా సరిపోయేది.

ఈ జబ్బున్న పిల్లలకు కార్నియా (కంటి ముందు పారదర్శక పొర) వాపు, చెవుడు కొన్నేళ్ళ తర్వాత కూడా రావచ్చు. అందుకే బాబును కంటి డాక్టరు దగ్గరికి పంపాను. మీ సాఫ్ట్‌వేర్ ప్రింట్ చేసిన రిఫరల్ చీటీలో మాత్రం పంటి ఎనామెల్ లోపం అని తప్ప ఇంకేమీ లేదు. "పళ్ళ సమస్యకు ఇక్కడికెందుకొచ్చారు?" అని కౌంటర్‌లోనే తిప్పి పంపేశారు. ఆ రోజు కూలి పోగొట్టుకున్న ఆ తల్లి, నాలుగు మడతలు పెట్టిన చీటీని నా టేబుల్ మీద పెట్టి "నేనేమైనా తప్పు చెప్పానా అమ్మా?" అని అడిగింది. నాకు నోట మాట రాలేదు. నేనే ఫోన్ చేసి, చేత్తో రాసిచ్చి మళ్ళీ పంపాను.

మీ సపోర్ట్ లైనుకు రెండుసార్లు ఫోన్ చేస్తే "బిల్లు మారదు కదా మేడమ్" అన్నారు. నా బాధ బిల్లు గురించి కాదు. సరైన కోడ్ చూస్తేనే తర్వాతి డాక్టరు తల్లికీ తోబుట్టువులకీ పరీక్ష చేయించాలా అని ఆలోచిస్తారు.

ఈ తప్పును 15 రోజుల్లో సరిచేయండి. డాక్టరు ఎంచుకున్న కోడ్‌ను అడగకుండా మార్చడం ఆపండి. ఇంతకుముందు ఇలా మారిపోయిన మా రికార్డుల జాబితా కూడా పంపండి. పేరు కనబడకుండా చేసిన స్క్రీన్‌షాట్లు జతచేశాను.

బాబుకు వచ్చే నెల మళ్ళీ కంటి పరీక్ష ఉంది. ఈసారి చీటీ చేత్తో రాయాల్సిన పని పడకూడదు.

ఇట్లు,
పిల్లల దంతవైద్యురాలు