అన్నీ తెలిసిన పిల్ల వద్దంటే

నల్లగొండ

ప్రియ మిత్రమా,

సద్దుల బతుకమ్మ నాడు మా అక్క బిడ్డ ఇంటిల్లిపాదికీ మలీద ముద్దలు చేసిపెట్టి, తాను మాత్రం ఒక్క ముక్క కూడా నోట వేసుకోలేదని నీకు ఫోనులో చెప్పాను కదా. అది అనొరెక్సియా, అంటే సన్నగా ఉన్నా లావైపోతానన్న భయంతో తిండి మానేసే మానసిక జబ్బు. పోయిన నెల హైదరాబాదులో డాక్టరు, గుండె నిమిషానికి నలభై సార్లు కూడా కొట్టుకోవడం లేదు, వెంటనే చేర్చండి అన్నప్పుడు, ఆ ఇరవై ఏళ్ల పిల్ల నిదానంగా "వద్దు" అన్నది. "దానికేం తెలుసు, సంతకం నేను పెడతా" అన్నాడు బావ. పెట్టనివ్వవచ్చు కదా అని నువ్వూ అడిగావు. అంత తేలిక కాదు.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 4వ సెక్షన్ ప్రకారం, ఒకరి నిర్ణయం మన కళ్లకు తప్పుగా కనిపించినంత మాత్రాన వారికి నిర్ణయించుకునే సామర్థ్యం లేదనకూడదు. విషయం అర్థం కావడం, పర్యవసానం గ్రహించడం, నిర్ణయాన్ని తెలియజేయగలగడం అనే మూడింటినీ ఆ చట్టం "లేదా" అనే మాటతో కలిపింది, ఒక్కటున్నా చాలునన్నట్టు. ఆ చిన్న మాటే నన్ను రాత్రంతా నిద్రపోనివ్వలేదు. ఎందుకంటే మన పిల్లకు అన్నీ అర్థమవుతాయి. పొటాషియం తగ్గితే గుండె లయ తప్పుతుందని డాక్టరుకు తానే చెప్పింది. మరి నీ గుండె సంగతేమిటని అడిగితే, "నేనంత సన్నగా ఏమున్నాను మామా?" అన్నది. తెలివికి లోటు లేదు. తెలిసినది తన ఒంటికి వర్తిస్తుందన్న నమ్మకమే లేదు. ఇంగ్లండులో జసింటా టాన్ అనే మానసిక వైద్యురాలు, ఆమె సహచరులు 2003లో ప్రచురించిన పరిశోధనలోనూ ఇదే తేలింది: అనొరెక్సియా ఉన్న అమ్మాయిలు సామర్థ్య పరీక్షలో చక్కగా జవాబులు చెప్పారు, కానీ జబ్బు వారి విలువలనే మార్చివేసినందున కొందరికి చావుకన్నా బరువే పెద్ద విషయమైంది.

బావ సంతకానికి దారి లేకపోలేదు. అదే చట్టం 89వ సెక్షన్ కింద రోగి తరఫు ప్రతినిధి దరఖాస్తు చేస్తే, ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించి అవసరమని తేల్చితే, 30 రోజుల వరకు చేర్చుకోవచ్చు. అప్పుడు కూడా ఏడు రోజులకొకసారి ఆమె సామర్థ్యాన్ని తిరిగి చూడాలి. ఈ నియమం నాకు ఎంతో నచ్చింది, ఎందుకంటే కడుపులో నాలుగు మెతుకులు పడిన కొద్దీ ఆలోచన మారుతుంది. అయితే ఎండిన ఒంటికి ఒక్కసారిగా తిండి పెడితే రక్తంలో ఫాస్ఫేటు అనే లవణం పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది గనుక, పట్టి తినిపిస్తే సరిపోతుందనుకోవడం కూడా పొరపాటే.

చివరికి ఆ దరఖాస్తు అవసరం పడలేదు. బరువు తనకు చెప్పకూడదు, అమ్మ పక్కన ఉండాలి అన్న రెండు మాటలకు డాక్టరు ఒప్పుకున్నాక, పిల్ల తానే సంతకం చేసింది. ఇప్పుడు కాస్త కోలుకుని ముందస్తు ఆదేశం, అంటే తాను నిర్ణయించుకోలేని స్థితిలో ఉంటే ఎలా వైద్యం చేయాలో ముందే చెప్పే కాగితం, రాసుకుంటున్నది. అందులో ఒక వాక్యం నాకు చూపించింది: "గుండె వేగం ఇంత పడిపోయినప్పుడు నేను వద్దన్నా చేర్చండి, కానీ కారణం నాకు చెప్పండి." సాక్షులు కావాలి. సంక్రాంతికి వచ్చినప్పుడు నువ్వొక సంతకం పెట్టాలని ఆమె అడగమన్నది.

నీ మిత్రుడు