వృద్ధుల కుంగుబాటును ఒంటరిగా ఉన్నప్పుడు అడగాలి

సంపాదకులకు,

2017-18లో సర్వే జరిపి 2021 జనవరిలో విడుదల చేసిన 'లాసీ' (వృద్ధాప్యంపై జాతీయ స్థాయి అధ్యయనం) నివేదిక ప్రకారం, మన దేశంలో అరవై ఏళ్లు దాటినవారిలో 8.3 శాతం మందికి, అంటే పన్నెండుమందిలో ఒకరికి, తీవ్రమైన కుంగుబాటు లక్షణాలున్నాయి. తమకు ఆ జబ్బున్నట్టు నిర్ధారణ అయిందని చెప్పినవారు మాత్రం 0.8 శాతమే. ఈ లక్షణాలు పురుషులలో కంటే స్త్రీలలో ఎక్కువగా కనిపించాయి.

బయటపడనివారిని గుర్తించడానికి ఏర్పాటు లేకపోలేదు. ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి నింపే ఫారంలో, గత రెండు వారాలలో పనుల మీద ఆసక్తి తగ్గిందా, దిగులుగా, నిరాశగా అనిపించిందా అనే రెండు ప్రశ్నలున్నాయి. అయితే వాటిని వసారాలో, కోడలి ఎదుటే అడిగితే, ఆ ఇంటి అన్నమే తినవలసిన అత్తగారు "నాకేం దిగులమ్మా, ఈ మోకాళ్ల నొప్పులే" అంటుంది. రెండు నొప్పి మాత్రలతో ఆ పరామర్శ ముగుస్తుంది. ఆ నొప్పి అబద్ధమని నేననడం లేదు. మన ఊళ్లలో పెద్దవయసు స్త్రీలు మనోవ్యథను చాలావరకు ఒంటినొప్పిగా, నిద్ర పట్టకపోవడంగానే చెప్పుకుంటారు. ఇక మగవారు ఆ వేళకు ఇంట్లోనే ఉండరు. ఉన్నా విసుక్కుంటారు, లేదా దిగులును మద్యం చాటున దాచుకుంటారు. ఆత్మహత్యలకు పాల్పడుతున్న వృద్ధులలో పురుషులే ఎక్కువన్న సంగతిని దీనితో కలిపి చూడాలి.

జబ్బు పేరు ఒకటే అయినా అది దెబ్బతీసే జీవితం ఒకటి కాదు. జీవన నాణ్యతను అంచనా వేయడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన 26 ప్రశ్నల పత్రం శరీరాన్నీ మనసునూ మాత్రమే కాక, మానవ సంబంధాలను, చేతిలో డబ్బును, ప్రయాణ వసతిని, వైద్యం అందుబాటును కూడా లెక్కలోకి తీసుకుంటుంది. భర్త పోయిన స్త్రీకి ఈ చివరి మూడూ సాధారణంగా కొడుకు చేతిలో ఉంటాయి. ఉద్యోగమో వ్యవసాయమో మానేసిన పురుషుడికి డబ్బు కొంత మిగిలినా, పలకరించే మనుషులు తగ్గిపోతారు. భార్య కూడా లేకపోతే వేళకు తిండి సైతం కష్టమే.

కనుక ఆ రెండు ప్రశ్నలను వృద్ధులను ఒంటరిగా కూర్చోబెట్టి అడగాలని, పింఛను ఎవరి చేతిలో ఉంటోంది, ఆసుపత్రికి ఎవరు తీసుకువెళుతున్నారు, రోజూ ఎవరితో మాట్లాడుతున్నారు అన్నవి కూడా చేర్చాలని, మగవారినైతే రక్తపోటు పరీక్షకు వచ్చినప్పుడే అడగాలని ఆరోగ్యశాఖను కోరుతున్నాను. మానసిక సహాయానికి 14416 నంబరుతో టెలిమానస్ అనే ఫోను సేవ ఉంది గానీ, సొంత ఫోను లేని ముసలమ్మకు ఆ నంబరు గోడ మీది అంకె మాత్రమే. ఆరోగ్య ఉపకేంద్రం నుంచి ఏఎన్ఎం (అక్కడి నర్సు) స్వయంగా ఆ కాల్ కలిపి మాట్లాడించేలా రాతపూర్వక ఆదేశాలు ఇవ్వాలి.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, తెనాలి