బీటా వేసే ముందు ఇది చూడండి

అందరికీ నమస్కారం. జూన్‌లో యాపిల్ ఏటా డెవలపర్ల కోసం పెట్టే డబ్ల్యూడబ్ల్యూడీసీ సభ కీనోట్ (ప్రారంభ ప్రసంగం) కాలిఫోర్నియాలో ఉదయం 10 గంటలకు, అంటే మనకు రాత్రి 10:30కి మొదలవుతుంది. అది అయిన కాసేపటికే ఐఫోన్‌ని నడిపే కొత్త ఐఓఎస్ సాఫ్ట్‌వేర్ డెవలపర్ బీటా, అంటే యాప్‌లు తయారుచేసేవాళ్ల కోసం ఇచ్చే పరీక్ష వెర్షన్, దిగుతుంది. 2023 నుంచి దానికి డబ్బు కట్టే పని లేదు, అందుకే ఇంత ఆత్రం!

రోజూ వాడే ఫోన్‌లో మాత్రం మొదటి బీటా వద్దు. యూపీఐ యాప్ తెరుచుకోకపోతే కూరగాయల బండి దగ్గర బిక్కమొహం వేయాలి. జూలైలో అందరి కోసం వచ్చే పబ్లిక్ బీటా దాకా ఆగండి.

ఆగలేమంటారా? ముందు ఫోన్‌ని కేబుల్‌తో మ్యాక్‌కి కలిపి, ఫైండర్‌లో ఎన్‌క్రిప్టెడ్ (పాస్‌వర్డ్‌తో తాళం వేసిన) బ్యాకప్ తీయండి. ఎన్‌క్రిప్ట్ చేయకపోతే పాస్‌వర్డ్‌లు, హెల్త్ డేటా అందులోకి రావు. తర్వాత 'మేనేజ్ బ్యాకప్స్'లో దాని మీద రైట్ క్లిక్ చేసి 'ఆర్కైవ్' నొక్కండి. లేదంటే తర్వాతి బ్యాకప్ దీని మీదే పడుతుంది. బీటాలో తీసిన బ్యాకప్ పాత ఐఓఎస్‌లోకి ఎక్కదు. వెనక్కి రావాలంటే ఫోన్ మొత్తం చెరిపి రీస్టోర్ చేయాల్సిందే. ఐక్లౌడ్‌లో బ్యాకప్ ఉందిలే అనుకునేవాళ్లు ఇరుక్కునేది ఇక్కడే, బీటా వేశాక అదీ బీటా బ్యాకప్పే అయిపోతుంది మరి.

అప్‌డేట్ అయ్యాక ఒకట్రెండు రోజులు బ్యాటరీ గబగబా దిగితే కంగారొద్దు. లోపల ఫోటోలు, సెర్చ్ ఇండెక్స్ మళ్లీ తయారవుతుంటాయి. రాత్రి ఛార్జింగ్ పెట్టి, వైఫై ఆన్‌లో వదిలేయండి.